నాయన తరువాత నేనేనా?



మన ఎర్రగుంట్ల చుట్టుపక్కల నేల కింద ఉన్నది సున్నపురాయి. దాన్ని నమ్ముకొనే సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి, నాపరాయి గనులు వచ్చాయి, బండలకు పాలిషు పట్టే మిషన్లు వచ్చాయి. మనం ఇంట్లో నడిచేది ఆ బండ మీదే, సాయంత్రం వాకిట్లో కూర్చునేది ఆ బండ మీదే. చివరకు సమాధుల తోటలో మనవాళ్ల మీద పరిచేది కూడా అదే బండ. బతుకుకూ చావుకూ ఒకే రాయిని వాడుకొనే ఊరు మనది. అయినా చావును గురించి మాట్లాడవలసి వస్తే మనకు నోరు పెగలదు. ముఖ్యంగా తండ్రినో తల్లినో పోగొట్టుకొన్న యువతీయువకులతో ఏం మాట్లాడాలో మనలో చాలామందికి తెలియదు. ఈ వారం ఆ సంగతిని కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

ఎనభై ఏళ్ల అవ్వ పోతే ఏడుస్తాం, నిండు జీవితం అనుకొని ఊరట పొందుతాం. ఐదేళ్ల బిడ్డకు తల్లి పోతే ఊరంతా ఆ బిడ్డను ఎత్తుకుంటుంది. మరి పందొమ్మిదేళ్ల వయసులో, ఇరవై రెండేళ్ల వయసులో తండ్రి పోతే? ఆ వయసు వారిని పిల్లలని ఎవరూ అనరు. పెద్దలని మాత్రం అప్పుడే అనేస్తారు. కోవిడ్ రెండవసారి విరుచుకుపడిన 2021 మే నెలలో, తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 'పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్' అనే పథకం ప్రకటించింది. అది పద్దెనిమిదేళ్ల లోపు వారికి. చట్టం ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు, తప్పు పట్టలేం. కానీ ఆ గీతకు ఒక్క ఏడాది అవతల ఉన్న బిడ్డకు దుఃఖం ఏమైనా తక్కువా?

అదే నెల 8వ తేదీన మన కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె దగ్గర క్వారీలో, జిలెటిన్ కడ్డీలు దించుతుండగా పేలుడు జరిగి కార్మికులు పలువురు మరణించారు. అలాంటి వార్త చదివినప్పుడు మన కన్ను మృతుల సంఖ్య మీద పడుతుంది. ఆ ఇళ్లలో మిగిలినవారి వయసులు ఎవరూ లెక్కపెట్టరు.

ఇలాంటి ఇల్లు మీకూ తెలిసే ఉంటుంది. మూడో దినం ముగిసీ ముగియక ముందే చిన్నాయన భుజం మీద చెయ్యి వేసి, “ఇంక ఇంటికి పెద్దదిక్కు నువ్వే రా. అమ్మను చూసుకోవాల, చెల్లెలి పెళ్లి చెయ్యాల” అంటాడు. పోయింది అమ్మ అయితే ఆడపిల్లతో మేనత్త, “తమ్ముళ్లకు ఇంక అమ్మవు నువ్వేనమ్మా” అంటుంది. ప్రేమతోనే అంటారు. బ్యాంకు పాసుపుస్తకం, అప్పు పత్రం, రేషను కార్డు, మరణ ధ్రువీకరణ పత్రం అన్నీ ఆ చేతుల్లోకి వస్తాయి. చదువు ఆగినా ఆగుతుంది. ఆ బిడ్డ పరుగెత్తుతూ ఉంటే చూసినవారు మెచ్చుకుంటారు. రాత్రి అందరూ పడుకున్నాక మాత్రం ఒక ప్రశ్న వచ్చి మంచం పక్కన కూర్చుంటుంది. “నాయన తరువాత నేనేనా?”

ఈ ప్రశ్నను బయటికి చెబితే పిరికివాడని అంటారేమోనని భయం. అందువల్ల లోపలే దాచుకుంటారు. నేను చెప్పదలచుకున్నది ఈ ప్రశ్నను గురించే.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం మొదలుపెట్టిన విద్యార్థికి తర్కశాస్త్రంలో నేర్పే మొదటి ఉదాహరణ ఇది: మనుషులందరూ మరణించేవారే, సోక్రటీసు మనిషి, కాబట్టి సోక్రటీసు మరణించేవాడే. ఆ మాటలను ఏ విద్యార్థీ వణుకుతూ రాసుకోడు. మరుసటి గంట కొట్టగానే భోజనానికి వెళతాడు. రష్యా రచయిత టాల్‌స్టాయ్ 1886లో ప్రచురించిన 'ఇవాన్ ఇల్యీచ్ మరణం' అనే కథలో ఒక న్యాయాధికారి ఉంటాడు. మనుషులు మరణిస్తారన్న సూత్రం పుస్తకంలోని ఎవరికో వర్తిస్తుందని అతను జీవితమంతా ఒప్పుకున్నాడు. అది తనకూ వర్తిస్తుందని మంచం పట్టాక గాని తెలియలేదు. 'అందరూ పోతారు' అన్నది ఒక తెలివిడి. 'నేను పోతాను' అన్నది మరో తెలివిడి. ఈ రెంటికీ నడుమ చాలా దూరం ఉంది. చాలామంది అరవై ఏళ్లు నడిచినా ఆ దూరం దాటరు. తండ్రి శవపేటికను మోసిన ఇరవై ఏళ్ల కుర్రవాడు ఒక్క మధ్యాహ్నంలో దాటేస్తాడు.

ఎందుకంటే తండ్రి బతికి ఉన్నంత కాలం, మనకూ మరణానికీ మధ్య ఒక మనిషి అడ్డం నిలబడి ఉన్నట్టు మనకు తోస్తుంది. ముందు అబ్బ, తరువాత నాయన, ఆ తరువాత ఎప్పుడో నేను. ఇది తర్కానికి నిలిచే మాట కాదు. చావుకు వరుస లేదని మనందరికీ తెలుసు. కానీ మనసు వరుసలోనే ఆలోచిస్తుంది. ముందున్న మనిషి పడిపోగానే గాలి నేరుగా మొగానికి కొడుతుంది.

మరి ఈ తలంపును ఏం చెయ్యాలి? ఇది తరిమివేయవలసిన జబ్బా, దగ్గర పెట్టుకోవలసిన నిజమా? నైతికంగా మన ముందున్న ప్రశ్న ఇదే.

దీన్ని తప్పించుకోవడానికి యువకులు సాధారణంగా మూడు దారులు పడతారు. మొదటిది, “ఎట్లాగూ పోయేదే కదా” అనుకోవడం. అలా అనుకున్నవాడికి చదువు ఎందుకు, పొదుపు ఎందుకు, మోటారు సైకిలు మెల్లగా నడపడం ఎందుకు? సీసా దగ్గరకు చేరిన యువకులలో కొందరు చేరింది ఈ దారినే. రెండవది, ఆలోచన దగ్గరకు రాకుండా పనిలో కూరుకుపోవడం. వీరిని మనం మెచ్చుకుంటాం గనుక వీరి గాయం మనకు కనబడదు. మూడవది భయం. నాయన గుండెపోటుతో పోయాడు గనుక ఛాతీలో చిన్న నొప్పి వచ్చినా తనకూ అదేననుకోవడం. ఇక్కడ ఒక మాట. నాయనకు గుండెజబ్బో షుగరో ఉండి ఉంటే, డాక్టరుకు ఆ సంగతి చెప్పి పరీక్షలు చేయించుకోవడం వివేకం, తప్పక చేయించుకోండి. కానీ రిపోర్టు బాగుందని చెప్పినా నిద్ర పట్టకపోతే, నొప్పి గుండెలో కాదు, చెప్పుకోని దుఃఖంలో ఉందని తెలుసుకోండి.

ఈ మూడు దారులు వేరువేరుగా కనిపించినా మూలం ఒకటే. ఆ బిడ్డకు ఏడవడానికి సమయం దొరకలేదు.

సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం తీసి చూడండి. మృతుని కోసం కన్నీరు కార్చమని, తగినట్టుగా శోకించమని ఆ జ్ఞాని ముందుగా చెబుతాడు. ఆ తరువాతే దుఃఖానికి హృదయాన్ని పూర్తిగా అప్పగించవద్దంటాడు. అప్పుడు, అవును, అతనికి జరిగినదే రేపు నీకూ జరుగుతుందని గుర్తుంచుకోమంటాడు. చూశారా? మన యువకుడు రాత్రిపూట దాచుకొనే ప్రశ్నను పరిశుద్ధ గ్రంథం పట్టపగలు బయట పెడుతోంది. అది పాపపు తలంపు కాదు, పిరికితనమూ కాదు. అయితే దానికి ఒక క్రమం ఉంది. ముందు కన్నీరు, తరువాత జ్ఞానం. శవం ఇంట్లో ఉండగానే “దేవుని చిత్తం, ఏడవగూడదు” అనేవారు, మంచి మనసుతోనైనా సరే, ఆ క్రమాన్ని తప్పిస్తున్నారు. కాసేపట్లో లాజరును లేపబోతూ కూడా ప్రభువు అతని సమాధి దగ్గర కన్నీరు కార్చాడు. పునరుత్థానమే తానైనవాడు ఏడిస్తే, మనం ఏడవడం అవిశ్వాసం ఎలా అవుతుంది?

“మగోడివి, ఏడుస్తావేందిరా” అనే మాట మన సీమలో ఎక్కువ. పునీత అగుస్తీను తల్లి మోనికమ్మ 387లో రోము దగ్గరి ఓస్తియా రేవులో మరణించినప్పుడు ఆయన వయసు ముప్పై మూడుకు దగ్గర. తల్లిని సమాధి చేసేదాకా కన్నీటిని బలవంతంగా ఆపుకున్నాడు. స్నానం చేస్తే దుఃఖం తీరుతుందేమోనని స్నానానికి కూడా వెళ్లాడు, తీరలేదు. నిద్రపోయి లేచాక ఒంటరిగా దేవుని ముందు ఏడ్చాడు, అప్పుడు ఊరట కలిగింది. ఇదంతా ఆయనే తన ఆత్మకథలో దాచకుండా రాసుకున్నాడు. తిరుసభకు అంతటి పండితుడైన మగవాడు ఏడ్చినప్పుడు మన ఊరి కుర్రవాడు ఏడవకూడదా?

ఇంకొంచెం లోపలికి వెళదాం. పునీత జోజప్పగారిని మంచి మరణానికి పాలకునిగా మనం వేడుకుంటాం. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? పన్నెండేళ్ల బాలయేసు దేవాలయంలో తప్పిపోయి దొరికిన సంఘటన తరువాత సువిశేషాలలో జోజప్పగారు ఎక్కడా కనిపించరు. కానా పెండ్లిలో లేరు, సిలువ దగ్గర లేరు. ప్రభువు బోధించడం మొదలుపెట్టే నాటికే, కుమారుడు, మరియమాత పక్కన ఉండగా ఆయన కన్నుమూశారని తిరుసభలో అనాదిగా వస్తున్న నమ్మకం. అంటే మన ప్రభువు కూడా యౌవనంలోనే తనను పెంచిన తండ్రిని పోగొట్టుకున్నాడన్నమాట. నజరేతువారు ఆయనను వడ్రంగి అని పిలిచినట్టు మార్కు సువార్త చెబుతోంది. జోజప్ప పట్టిన పనిముట్లను ఆ చేతులు పట్టాయి. ఒంటరిదైన తల్లి పక్కన ఆ కుమారుడు బతికాడు. సిలువ మీద ప్రాణం పోయే గడియలో సైతం ఆ తల్లిని యోహానుకు అప్పగించడం మరువలేదు. కాబట్టి తండ్రి లేని ఇంట్లో నువ్వు మోకరించినప్పుడు, ఆ ఇల్లు ఎలా ఉంటుందో ఎరుగని దేవునికి ప్రార్థన చేయడం లేదు.

మన రాళ్ల ఊరికి దగ్గరగా తోచే ఒక యువకుని కథ చెబుతాను. ఇది జరిగింది పోలండు దేశంలో. ఆ కుర్రవాడికి తొమ్మిదేళ్లు నిండకముందే 1929లో తల్లి పోయింది. 1932లో డాక్టరుగా పనిచేస్తున్న అన్న, రోగి నుంచి సోకిన జ్వరంతో పోయాడు. మిగిలింది సైన్యంలో పనిచేసి రిటైరైన తండ్రి ఒక్కడే. నాజీలు దేశాన్ని ఆక్రమించుకొని విశ్వవిద్యాలయాన్ని మూసివేయడంతో ఆ కుర్రవాడు 1940లో క్రాకో నగరం దగ్గర సున్నపురాయి క్వారీలో కూలికి చేరాడు. మన పిల్లలలాగే రాయి కొట్టి, రాయి మోసి ఇల్లు గడిపాడు. 1941 ఫిబ్రవరి 18న పని ముగించుకొని, మంచంలో ఉన్న తండ్రికి భోజనమూ మందూ తీసుకొని ఇంటికి వచ్చేసరికి తండ్రి చనిపోయి ఉన్నాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. తల్లి పోయినప్పుడు, అన్న పోయినప్పుడు, ఇప్పుడు తండ్రి పోయినప్పుడు కూడా తాను పక్కన లేనే అని కుమిలిపోయాడు. ఆ రాత్రంతా తండ్రి దేహం పక్కన మోకాళ్లూని గడిపాడు. ఆ కుర్రవాని పేరు కరోల్ వొయ్‌తీవా. మనం ఎరిగిన పేరు పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు.

ఆయన తరువాత ఏం చేశాడో చూడండి. పని మానలేదు గాని, పనిలో తనను తాను దాచుకోనూ లేదు. 'నా బతుకు దేనికి?' అన్న ప్రశ్నను వదలకుండా దేవుని ముందు పెట్టాడు. 1942లో రహస్యంగా నడుస్తున్న గురువిద్యాలయంలో చేరాడు. తల్లి పోయాక తన తండ్రి రాత్రివేళ మోకరించి ప్రార్థించడం చూశాననీ, ఆ ఇల్లే తనకు మొదటి గురువిద్యాలయమనీ పెద్ద వయసులో గుర్తు చేసుకున్నారు. 1946 నవంబరు 1న గురువుగా అభిషేకం పొందారు. మరునాడు, అంటే మృతులందరి స్మరణ దినాన, మొదటి మూడు దివ్యపూజలు సమర్పించారు. తల్లి కోసం, అన్న కోసం, తండ్రి కోసం. బతికి ఉండగా చివరి గడియలో పక్కన ఉండలేకపోయిన కొడుకు, బలిపీఠం దగ్గర వారి పక్కన నిలబడ్డాడు.

ఆయన తండ్రి స్థానాన్ని తీసుకోలేదు, తండ్రి ప్రేమను తీసుకున్నాడు. ఈ రెంటికీ ఉన్న తేడాయే ఈనాడు మీ ముందు పెట్టదలచిన అసలు మాట. “ఇక నువ్వే నాయనవి” అని ఇరవై ఏళ్లవాడితో అంటే, ఎవరూ మోయలేని బరువును వాడి మీద పెడుతున్నాం. ఏ కొడుకూ తన తండ్రికి బదులు కాలేడు, ఏ కూతురూ తన తల్లికి బదులు కాలేదు. పోయిన మనిషి చోటు ఖాళీగానే ఉంటుంది, ఉండనివ్వాలి. వారసత్వంగా వచ్చేది ఆ చోటు కాదు, వారు మనకు పెట్టిన ప్రేమ అనే అప్పు. ఆ అప్పు ఇచ్చినవారికి తిరిగి చెల్లించే వీలు లేదు. తరువాత వారికి చెల్లించవలసిందే.

మన కడప గడ్డ మీదే దీనికి ఒక నిదర్శనం ఉంది. తెలుగు నిఘంటువు కూర్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొరగారికి, కలకత్తాలో పాదిరిగా ఉన్న తండ్రి డేవిడ్ బ్రౌన్ 1812లో చనిపోయే నాటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. భాషల మీది మక్కువ ఆ తండ్రి పెంపకంలో అబ్బినది. 1820లో ఉద్యోగానికి కడప చేరిన ఆ కొడుకు, తన సొంత డబ్బుతో పండితులను పోషించి, చెదలు పడుతున్న తెలుగు తాళపత్రాలను రాయించి కాపాడాడు. తండ్రికి తిరిగి ఇవ్వలేనిదాన్ని ముక్కూమొగం తెలియని మనకు ఇచ్చాడు. కడపలోని ఆయన పేరిటి గ్రంథాలయానికి మీ పిల్లలను తీసుకువెళ్లినప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి.

“స్వామీ, అంతా బాగుంది గాని, దేవుడు మంచివాడైతే నలభై ఐదేళ్లకే నాయనను ఎందుకు తీసుకున్నాడు?” అని అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. దానికి నా దగ్గర లెక్క చెప్పినట్టు చెప్పే జవాబు లేదు, ఉన్నట్టు నటించడం తప్పు. ఒక్కటి మాత్రం చెప్పగలను. సిలోయములో గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మందిని గురించి మాట్లాడుతూ, వారు ఇతరులకంటె ఎక్కువ పాపులు కారని ప్రభువు స్పష్టంగా చెప్పినట్టు లూకా సువార్త 13వ అధ్యాయంలో ఉంది. కాబట్టి ఏ చావునూ శిక్షగా చెప్పకండి. ఇంకో మాట. గనిలో తగిన రక్షణ లేక మనిషి పోతే, దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై పోతే, తాగి బండి నడిపినవాడు గుద్ది పోతే, దాన్ని 'దేవుని చిత్తం' అని దేవుని ఖాతాలో రాయకండి. మనుషుల నిర్లక్ష్యాన్ని మనుషుల ఖాతాలోనే రాయాలి, సరిదిద్దాలి. పనివాళ్లకు ముక్కుకు మాస్కు, తలకు టోపీ ఇవ్వడం, పెట్టుకోమని గట్టిగా చెప్పడం కూడా ఐదవ ఆజ్ఞను పాటించడమే.

ఇక మనం చేయగలిగిన కొద్ది పనులు చెబుతాను.

బంధువులారా, మూడో దినానే ఆ బిడ్డకు పెద్దరికం కట్టబెట్టకండి. “నువ్వు చూసుకో” అనడానికి బదులు “నేనేం చూడమంటావు?” అని అడగండి. ఆఫీసుల చుట్టూ తిరిగే పని ఒక ఏడాది పాటు ఒక మామో చిన్నాయనో పంచుకుంటే, ఆ పిల్లవాని డిగ్రీ నిలుస్తుంది. నలభై రోజుల పూజ అయ్యాక మనం వెళ్లడం మానేస్తాం; నిజానికి ఇల్లు ఖాళీగా తోచేది అప్పుడే. ఆ తరువాతే వెళ్లండి. వెళ్లి నాయన పేరు ఎత్తండి. పేరు ఎత్తితే గాయం రేగుతుందని భయపడకండి, ఎవరూ ఎత్తకపోవడమే అసలు గాయం.

తల్లిదండ్రులారా, మీరు బతికి ఉండగానే అప్పులూ పత్రాలూ ఎక్కడున్నాయో పిల్లలకు చెప్పండి. దీనిలో అపశకునం లేదు. అంతకంటే ముఖ్యంగా, వారి ఎదుట మోకరించండి. మీరు పోయాక వారికి గుర్తుండే మాటలకన్నా గుర్తుండే దృశ్యమే వారిని నిలబెడుతుంది.

తల్లిదండ్రులు ఉన్న యువకులారా, పట్నం హాస్టలు నుంచి ఈ ఆదివారం ఇంటికి ఫోను చెయ్యండి. అంతకంటే నేనేమీ చెప్పనక్కరలేదు.

తండ్రినో తల్లినో పోగొట్టుకొన్న బిడ్డా, చివరి మాట నీకు. నాయనకు చేయవలసిన సేవ అయిపోయిందని అనుకోవద్దు. పునీతుల సంబంధాన్ని విశ్వసిస్తున్నామని ప్రతి ఆదివారం మనం చెప్పేది ఉట్టి మాట కాదు. ఉత్తరించు స్థలంలో ఉన్న ఆత్మకు నీ ప్రార్థన చేరుతుంది. ఆయన పేరిట ఒక పూజ చెప్పించు. సమాధి మీది బండను నీ చేతులతో కడుగు. ఆయన చేసిన ఒక మంచి పనిని, ఎంత చిన్నదైనా, నువ్వు కొనసాగించు. నిద్ర పట్టని రాత్రులు వారాల తరబడి సాగితే ఒంటరిగా ఉండవద్దు. నీ విచారణ గురువు దగ్గరకు రా, డాక్టరు దగ్గరకూ వెళ్లు. రెండూ దేవుడిచ్చిన సాయాలే.

ఇక నీ ప్రశ్న. నాయన తరువాత నేనేనా? అవును, ఏదో ఒకనాడు నువ్వే, నేను కూడా. దీన్ని నీ నుంచి దాచిపెట్టి నీకు మేలు చేయలేను. నీ వయసు వారికి ఇంకా తెలియని నిజం నీకు తెలిసింది. దానివల్ల నువ్వు కోపాన్ని రేపటికి వాయిదా వేయకుండా ఈ రాత్రే తమ్మునితో మాట్లాడగలిగితే, అమ్మ పక్కన పది నిమిషాలు ఊరికే కూర్చోగలిగితే, ఆ నిజం నిన్ను చంపదు, బతికిస్తుంది. పైగా ఆ వరుసలో నాయన కంటే ముందు ఒకడు నిలబడి ఉన్నాడు. ఆయన సమాధిలోకి వెళ్లాడు, రాయి దొర్లించబడింది, బయటికి వచ్చాడు. మృతులలోనుండి లేచినవారిలో ఆయనే ప్రథమ ఫలమని పౌలు కొరింతీయులకు రాశాడు. నాయన వెళ్లింది ఆయన వెనుకనే. నీ వంతు వచ్చిననాడు నువ్వు వెళ్లేదీ ఆయన వెనుకనే. అందాకా ఈ రోజు నీ చేతిలో ఉంది, లేచి ముఖం కడుక్కొని అమ్మకు ఒక గ్లాసు కాఫీ పెట్టి ఇవ్వు.